మీ ఒక్కపొద్దు నేనుంట

అమ్మకు పానం బాగలేదని న్యాల్‌కల్ నుంచి కబురొచ్చింది. బస్సుకు పోతున్న, రేపు వస్త. జొన్నరొట్టెలు, పెసరపప్పు గంప కింద మూసిపెట్టిన. పొద్దు గూకకముందే తినున్రి. పచ్చిమిర్చి కారం కోసం దేవులాడకున్రి, పక్కింటి సిద్దప్పన్న ఇంట్ల ఇచ్చేసిన. తినంగనే పండుకోకున్రి. మంచం తలాపు కింద ఇటుకలు పెట్టిన, తీయకున్రి.

లగ్గమైనప్పటి సంది మీరు సోమారం ఒక్కపొద్దు తప్పలే. పొద్దంతా ఉత్త చాయ తాగుడు, రాత్రి కడుపు పగిలేదాక తిని పండుకునుడు. అందుకే ఛాతిల మంట తగ్గుతలేదని డాక్టరు చెప్పినా ఇనరు. పోయిన సోమారం నిద్రల పుల్లటి నీళ్లు గొంతుకెక్కి మీకు ఊపిరాడలే. వీపు చరిచి లేపిన. అప్పటి సంది నాకు కన్ను మూతపడతలేదు. ఇయ్యాల నేను పక్కన ఉండ.

అందుకే శివునికి చెప్పుకున్న, ఈ సోమారం ఆయన ఒక్కపొద్దు నేనుంట అని. పొద్దటి సంది నీళ్లు తప్ప ఏం ముట్టలే. మీరు తింటే పాపం లేదు. తినకపోతేనే నా ఆకలి వట్టిగ పోతది.

శరణమ్మ

ఇంకొకటి. సిద్దప్పన్న రాత్రి మన అరుగు మీద పండుకుంటడు. తలుపుకు గొళ్లెం పెట్టకున్రి. దగ్గు ఇనబడితే ఆయన లోపలికి రావాలె.