తగ్గితే పంపకు

చెల్లీ, డ్యూటీకి వెళ్తున్నాను. పదింటికి నాన్నకి మాత్ర వేసి, పక్కకి తిప్పి పడుకోబెట్టు.

ప్రవేశ పరీక్షకి పేరివ్వడానికి ఇవాళ సాయంత్రం ఐదింటిదాకానే గడువు. "ఆ మార్కులు లేకపోయినా తీసుకుంటారట కదక్కా" అని రెండు వారాలుగా నాన్చుతున్నావు. నిజమే, అయినా రాయి. బాగా వస్తే ఆ మార్కులు కాలేజీకి పంపు, తగ్గితే పంపకు.

అప్పట్లో నాకు తక్కువే వచ్చాయి. పంపడం మన ఇష్టమని కాలేజీ దరఖాస్తు కాగితంలో రాసే ఉంది. "దాచడానికి మనమేమన్నా దొంగలమా?" అన్నారు నాన్న. పంపాను, కోరుకున్న సీటు పోయింది. దొరికినచోట డిగ్రీ చేశాను. ఆయన్ని ఒక్క మాటా అనలేదు, ఇప్పుడిక అనలేను.

అక్క

మరిచిపోయాను. నీకు మార్కులు తగ్గి, అడిగే ఓపిక అప్పటికి నాన్నకి మిగిలుంటే, పంపేశామనే చెప్పు. ఆ పాపం నాకే చుట్టుకోనీ.