డాబా తాళానికి నోటి తాళం

ఫిబ్రవరి 2, సోమవారం. ఉదయం 8 గంటలు.
నా పేరు కనకమహాలక్ష్మి. వయసు డెబ్బై నాలుగు. దయాల్‌బంద్ పేటలో మా అపార్ట్‌మెంట్, కింది అంతస్తు. నేను చెబుతున్నాను, కోడలు సౌభాగ్య రాస్తోంది. కమిటీ వారు చదవాల్సిన కాగితం, మంచి తెలుగులో పెట్టమన్నాను.

సంగతి ఇది. మా సొసైటీ సెక్రటరీ శేషగిరిరావు. బొగ్గు కంపెనీలో ఆఫీసరుగా చేసి దిగాడు. అక్కడ ఏం తవ్వాడో తెలియదు గానీ ఇక్కడ గుమ్మానికి ఎన్ని అంగుళాల దూరంలో చెప్పులు విప్పాలో కాగితం అంటించాడు. మొత్తం నలభై మూడు నియమాలు. ఏడాదిలో మూడు తగువు ఫిర్యాదులు వచ్చిన వారికి డాబా తాళంచెవి ఇవ్వరట. నా మీద మూడు వచ్చాయి. మళ్ళీ ఇవ్వాలంటే ఇరవై ఒక్క రోజులు నేను ఎవరితోనూ గొడవ పడకూడదట.

నాకు డాబా కావాలి. మనవరాలు మైత్రి పసిబిడ్డను తీసుకుని 27న శ్రీకాకుళం, అత్తవారింటికి వెళుతోంది. సారెలో గుమ్మడి వడియాలు ఉండాలి. వీధిలో ప్రతి గడపకూ పంచుతారు. కొన్నవి పంపితే అక్కడి ఆడవాళ్ళకు ఒక్క కొరుకులో తెలిసిపోతుంది. ఆ పిల్ల తను ముసలిదయ్యేదాకా ఆ మాట పడుతుంది. రైల్వే క్వార్టర్‌లో ఉన్నన్నాళ్ళూ పెరడంతా ఎండే. ఈ ఇంట్లోకి సూర్యుడు కూడా పర్మిషన్ అడిగి రావాలి.

కాబట్టి నేటి నుంచి:
ఎవరినీ ఏమీ అనను.
ఎవరైనా అంటే నవ్వుతాను.
గేటు దగ్గర నిలబడను.

కాలం చేసిన మా ఆయన నూకరాజు లోకో షెడ్ మోతను ముప్పై ఏడేళ్ళు భరించాడు. నేను ఇరవై ఒక్క రోజుల మౌనం భరించలేనా!

రాత్రి 7: ఒక్క మాట అనలేదు. ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చేసేదాన్ని.

ఫిబ్రవరి 3, మంగళవారం.
6:10. తులసికి నీళ్ళు పోస్తుంటే పై అంతస్తు సాహు ఇంటావిడ తడిబట్టలు దులిపింది. చినుకులన్నీ నా నెత్తిన. తల ఎత్తి నవ్వాను. ఆమె భయపడి బట్టలన్నీ లోపలికి లాక్కుంది. నవ్వులో ఇంత బలం ఉందా!

ఫిబ్రవరి 6, శుక్రవారం.
ఎవరో చెత్త సంచిని గేటు దగ్గర వదిలారు. ఆవు వచ్చింది. నేను ఆవుతోనే మాట్లాడాను.

"తినమ్మా, తిను. ఇవి రెండో నంబరోళ్ళ కాకరకాయ తొక్కలు. ఆళ్ళకి సిగ్గెలాగూ లేదు, నీకైనా కడుపు నిండనీ."

రెండో నంబరు కిటికీ ధడాల్న మూసుకుంది. నేను అన్నది ఆవును. ఆవు ఫిర్యాదు చెయ్యలేదు.

ఫిబ్రవరి 9, సోమవారం.
అయిదో నంబరు వారు నీళ్ళ మోటారు ఆపడం మరిచారు. ట్యాంకు పొర్లి మెట్లన్నీ ఏరు. పూజలో కూర్చుని అమ్మవారికి చెప్పుకున్నాను. తలుపు తీసే ఉంది, పూజకు గాలి కావాలి కదా.

"తల్లీ, అయిదో నంబరోళ్ళకి బుద్ధియ్యి. ఇంటాయన టీవీ ముందు పడుంటాడు, ఇంటావిడ ఫోన్లో పడుంటాది. మోటారొక్కటే పని సేస్తంది."

దేవుడికి చెప్పుకోకూడదని నలభై మూడింటిలో ఎక్కడా లేదు.

ఫిబ్రవరి 12, గురువారం. సాయంత్రం 5.
శేషగిరిరావు భార్య అనంతలక్ష్మి వచ్చింది. చేతిలో గిన్నెడు పాయసం. పని ఉంటే తప్ప ఆ ఇంటి గిన్నె మెట్లు దిగదు.

"పిన్నిగారూ, మెట్ల కింద మూడో నంబరు కుర్రాడి స్కూటర్ అడ్డం. రోజూ మోకాలికి తగులుతోంది. మీరు ఒక్క మాట అనరూ?"

"ఏటమ్మా, మీ ఆయన సెక్రటరీ గదా. కాయితం అంటించమను."

"అంటించారండీ. ఆ కాగితానికి కొట్టిన మేకుకే వాడు హెల్మెట్ తగిలిస్తున్నాడు."

"నాను నోరిప్పితే తాళం పోద్ది."

"నేను ఎవరికీ చెప్పను."

"మీ ఆయనకో?"

"ముప్పై అయిదేళ్ళుగా చెబుతున్నాను. ఎప్పుడైనా విన్నారా?"

పాయసం బాగానే ఉంది. స్కూటర్ కుర్రాడి చెవిలో రెండే ముక్కలు చెప్పాను. చెవిలో చెప్పింది తగువు కాదు. వాడు బండిని వీధి చివర పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 17, మంగళవారం.
ఈ వారం నా దగ్గరికి వచ్చినవారు: మోటారు గురించి ఇద్దరు, వీధి కుక్క గురించి ఒకరు, పై ఇంటి రోకలి చప్పుడు గురించి ముగ్గురు. నా మీద ఫిర్యాదు రాసిన ముగ్గురూ ఈ ఆరుగురిలో ఉన్నారు! అందరినీ వెనక్కి పంపాను. సరే, నలుగురిని పంపాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం.
మా అబ్బాయి రాజేంద్ర గూడ్సు బండి డ్యూటీ దిగి వస్తూ మస్తూరీ సంత నుంచి బూడిద గుమ్మడికాయ తెచ్చాడు. ఆరు కిలోలు. కాయ ఒళ్ళంతా విభూతే. ఇంకా రెండు రోజులు. నేను గెలిచినట్టే!

ఫిబ్రవరి 22, ఆదివారం. ఇరవై ఒకటో రోజు.
ఉదయం 10: రేపు పొద్దున తాళంచెవి ఇస్తారు. ఇవాళ కాయ కోసి, ముక్కలకు ఉప్పు పట్టించి, మూట కట్టి రాయి కింద పెట్టాలి. కాయ మీద మొదటి కత్తి మగవాడు వెయ్యాలి. ఆడది కొయ్యకూడదు, మా అమ్మమ్మ నాటి నుంచీ అంతే. రాజేంద్రను తెల్లవారుజామునే గూడ్సు బండికి పిలిచారు. మిగిలిన మగవాళ్ళంతా తెలిపారా పేటలో పెళ్ళికి పోయారు. ఉన్నది శేషగిరిరావు ఒక్కడే.

11:00: ఆఖరి రోజు కదా, నోరు జారుతుందేమోనని అసలు మాట్లాడకూడదనుకున్నాను. ఎడమ చంకలో కాయ, కుడిచేతిలో కత్తి. వెళ్ళి గంట నొక్కాను. తలుపు తీశాడు. కాయను చూపించాను, అతన్ని చూపించాను, కత్తితో ఇలా నరుకు అని సైగ చేశాను.

తలుపు వేసుకున్నాడు.

11:20: సొసైటీ గ్రూపులో మెసేజి. సౌభాగ్య చదివింది. "కింది అంతస్తు వృద్ధురాలు మారణాయుధంతో వచ్చి నన్ను నరుకుతానని సైగ చేసినది."

11:25: మళ్ళీ అతని గుమ్మం ముందుకు వెళ్ళి నోరు తెరిచాను.

"ఏటి బాబూ! నిన్ను నరకడానికి నాకు గుమ్మడికాయెందుకు?"

తలుపు వెనక నుంచే అన్నాడు. "అమ్మగారూ, నియమం ప్రకారం ఇది నాలుగో ఫిర్యాదు."

"నియమమా! గుమ్మడికాయకి మొదటి కత్తి మగోడెయ్యాలని తెలీనోడివి, నువ్వు నియమాలు సెప్తావేటి? మీ యమ్మ వడియాలు పెట్టలేదా? సెప్పులకి అంగుళాలు కొలిసినావు. ఆవొచ్చి గేటు కాడ మేస్తంటే దానికి నోటీసిచ్చినావా? మోటారు పొర్లిపోతంటే..."

12:05 వరకు. ఇరవై రోజుల సరుకు, వరసలో. ఆడవాళ్ళంతా మెట్ల మీదికి వచ్చారు. ఒక్కరూ ఆపలేదు. మోటారు దగ్గరికి వచ్చినప్పుడు ఎవరో "హాఁ, హాఁ, అదీ చెప్పండి" అన్నారు కూడా.

చివరికి అనంతలక్ష్మి తలుపు తీసి మొగుణ్ణి ముందుకు తోసింది. "ముందు ఆ కాయ మీద కత్తి పెట్టండి. ఆవిడ అడిగింది అదేగా!"

పెట్టాడు. ముక్క వంకర పోయింది. పోనీ, మగవాడి కత్తే.

12:10: నాలుగో ఫిర్యాదు నమోదు.

ఫిబ్రవరి 23, సోమవారం.
7:00: తాళంచెవి ఇవ్వలేదు. మళ్ళీ ఇరవై ఒక్క రోజులట. ఇక్కడ మినప్పప్పు రుబ్బేశాం, ముక్కలు కలిపేశాం. మధ్యాహ్నానికి పిండి పులుస్తుంది. 27 ఆగదు.

7:30: సౌభాగ్య చేత నలభై మూడూ మళ్ళీ చదివించాను. డాబా మీద, బాల్కనీలో, మెట్ల మీద, గేటు మీద, పిట్టగోడ మీద ఎండబెట్టరాదు. అంతే రాశాడు. ఆఫీసరు బుర్ర, కారు సంగతి మరిచిపోయాడు.

8:30: వాకిట్లో తొమ్మిది నుంచి నాలుగు దాకా ఎండ పడేది ఒక్కచోటే, శేషగిరిరావు తెల్ల కారు మీద. ఉతికిన నూలు చీర పరిచాం. ముందు భాగమంతా వరసలు, పైకప్పు మీద వరసలు. నిన్న మెట్ల మీద ఉన్న ఆడవాళ్ళంతా తలో చెయ్యీ వేశారు. అనంతలక్ష్మి డిక్కీ వైపు తీసుకుంది. ఆమె వడియాలు చిన్నవి గానీ గుండ్రంగా వచ్చాయి.

9:30: మొదటి రోజు. నేటి నుంచి ఎవరినీ ఏమీ అనను. ఇరవై ఒక్క రోజులు. ఈసారి ఆవును కూడా అనను.

10:15: శేషగిరిరావు బ్యాంకుకని కిందికి దిగాడు. కారు చూశాడు. "ఏమిటిది?" అన్నాడు. నేను నమస్కారం పెట్టాను. "కారు తియ్యాలి, ఇవన్నీ తీయించండి!" అన్నాడు. నవ్వాను. అప్పుడు అరిచాడు. వీధి అంతా వినబడేలా. నా గొంతు కూడా అంత దూరం పోదు.

సౌభాగ్యా, టైము రాయి. సెక్రటరీ గారి మీద మొదటి ఫిర్యాదు.

10:20: మళ్ళీ అరిచాడు. రెండో ఫిర్యాదు. సాక్షి సంతకం అనంతలక్ష్మిది.

10:25: మూడోసారి నోరు తెరిచి, సౌభాగ్య చేతిలో పెన్ను చూసి మూసుకున్నాడు. ఆటో ఎక్కాడు. వడియాలకు ఇంకా మూడు ఎండలు కావాలి. సాయంత్రం మూడో ఫిర్యాదుకు ఎలాగూ ఇంటికే రావాలి కదా.