స్టీలు డబ్బాలో నల్లనూనె

నాయినా,

నేను మంజులను. పెద్దలకు పెట్టే ఈ పెత్తర అమావాస్యకు నువ్వు పోయి మూడేళ్లు. అమ్మ, నేను ఉన్నాం... బాగున్నామని మాత్రం రాయలేను.

చమురు బావి దగ్గర కూలికి పోయి మొదటిసారి మన తెలకపల్లికి వచ్చినప్పుడు నువ్వు ఏం తెచ్చావో గుర్తుందా? అందరి నాయినలూ మిఠాయి తెస్తారు. నువ్వు చిన్న సీసాలో నల్లనూనె తెచ్చావు! అది నా చేతిలో పెట్టి, "సచ్చిందేదో లేకుంటే నేలకు గింత కొవ్వెట్ల వడ్తది బిడ్డా? సదువుతున్నవ్ గద, ఏం పానమో సూసి జెప్పు" అన్నావు.

చెప్తానన్నాను. అంతలోనే అక్కడ పైపు జారి నీ మీద పడింది. నీతో పాటు నీ అన్నం డబ్బా కూడా అంబులెన్సులో వచ్చింది. పెబ్బేరు సంతలో మనం కొన్నదే.

ఇప్పుడు నా పని అదే నాయినా. ముడినూనెలో రవ్వంత నికెల్ ఉంటుంది. అందులో తేలికవీ బరువువీ ఉంటాయి, ఐసోటోపులంటాం. కొన్ని సూక్ష్మజీవులు బతికుండగా తేలికదాన్నే ఏరుకుంటాయి. కోట్ల ఏళ్లు గడిచినా ఆ జాడ నూనెలో మిగలొచ్చు. నీ ప్రశ్నకు జవాబు దొరుకుతుందని ఎంత ఆశపడ్డానో... కానీ పరీక్షలో పోసిన నూనె తిరిగి రాదు. అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే నువ్వు తెచ్చిన నూనె ఇచ్చింది.

అంకెలు చూసి భయపడ్డాను. నికెల్ అంత ఉండకూడదు. అమ్మకు ఫోన్ చేశాను. నువ్వు పోయిన నెలకే సీసా చిట్లిందట. నూనెను నీ డబ్బాలో పోసి దాచిందట. నాకిచ్చే ముందు కొత్త సీసాలోకి వంచిందట. ఆ స్టీలులోనూ నికెల్ ఉంటుంది నాయినా... దగ్గర దగ్గర మూడేళ్లు అందులో నానింది. యంత్రం చెప్పింది ఏ ప్రాణి సంగతో కాదు, నీ అన్నం డబ్బా సంగతి.

అమ్మ మీద అరిచాను. నీ డబ్బాలో ఉంటే నీ దగ్గరున్నట్టే అనుకుంది పిచ్చిది. దేంట్లో దాచావని ముందే అడగొద్దా నేను? ఇంత చదివి ఏం లాభం?

నువ్వుంటే "పోనీ తియ్యి, అమ్మను ఏమనకు" అనేవాడివి. అనేశాను నాయినా. ఆ రోజు నుంచి అమ్మ ఆ డబ్బాను తోముతూనే ఉంది. వాసన పోవడం లేదు.

ఆ బావి ముఖం చూడనని నీ మట్టి దగ్గర ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. అమావాస్యనాడు నీకు అన్నం పెట్టి, మర్నాడే బయల్దేరతాను. కొత్త నూనె కోసం నువ్వు పడ్డ చోటికే పోతాను. గాజు సీసా నా చేతుల్లోనే ఉంటుంది.

నీ బిడ్డ,
మంజుల