ఎడమచేతి మెట్లు

బోన్‌విరే,
2018 జూన్ 9.

చిరంజీవి దూఫియేకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మీ అమ్మా నేనూ క్షేమం. కుమాసీలో నీ బడిపిల్లలు నీ మాట వింటున్నారా? నువ్వు నా మాట ఏనాడూ వినలేదు కనుక అడుగుతున్నాను.

పద్నాలుగేళ్ల కిందట నా చెయ్యి విరిగినప్పుడు మగ్గం మీద సగంలో ఆగిన మెట్ల నమూనా కెంటే బట్ట గుర్తుందా? చెయ్యి బాగయ్యాక పూర్తిచేసి, అమ్మబుద్ధి కాక నేనే పండగలకు కట్టుకుంటున్నాను. పండగల్లో నా బట్టను ఫొటోలు తీసుకునే విదేశీయులకు కొదవా! ఇప్పుడు అదే బట్ట సంతలో గుట్టలుగా ఉంది. నేసింది కాదు, ఏదో పరదేశపు ఫ్యాక్టరీలో అచ్చేసింది. పైగా అమ్మే బాఫో, “ఇది మా కంపెనీ డిజైను ముసలాయనా, మీరే చూసి నేస్తున్నారు!” అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

నేతపెద్దల సభ పెట్టించాను. అక్కడ ఓడితే ఇక ఆ నమూనా నేసే హక్కు మనకుండదు. నా పాత బట్ట విప్పి చూపించాను. కలిపి కుట్టిన మిగతా పట్టీలన్నిటిలో మెట్లు కుడివైపుకు ఎక్కుతాయి, తొమ్మిదో పట్టీలో మాత్రం ఎడమవైపుకు. బాఫో తెచ్చిన అచ్చుబట్టలోనూ సరిగ్గా అంతే! “మిషన్‌కి తప్పు చెయ్యడం రాదురా నాయనా, మన తప్పు కాపీ కొట్టడం మాత్రం వచ్చింది” అన్నాడు సభపెద్ద నానా అమోయా. సభంతా ఘొల్లున నవ్వింది.

నమూనా మన ఇంటిదేనని సభ పుస్తకంలో రాసుకున్నారు. సముద్రాలకవతల ఎందరో మన మెట్లను కప్పుకుని తిరుగుతున్నారట. కోపంగానే ఉంది, గర్వంగానూ ఉంది.

వేళకు తిను.

మీ నాన్న,
క్వాబెనా

తా.క.: అసలు మాట రాయకుండా కవరు అంటించలేకపోయాను. పుస్తకం తెరిచే ముందు బాఫో, “ఇంత పేరున్న నేతగాడివి, ఆ తప్పెలా చేశావయ్యా?” అని ఎకసెక్కమాడాడు. చెయ్యి నొప్పి అంటే సరిపోయేది. మగ్గం ముట్టకూడని ఆడపిల్ల మగ్గమెక్కిందంటే హక్కే పోతుందేమోనని భయపడ్డాను. అయినా లేచి, “అది తప్పు కాదు. ఎడమచెయ్యి. నా కూతురిది” అన్నాను. నా చెయ్యి విరిగి ఉండగా నువ్వు దొంగచాటుగా ఆ పట్టీ నేసిన రోజే నాకు తెలుసమ్మా. ఎడమచేత్తో ఏది అందుకున్నా నీ వేళ్ల మీద కొట్టింది నేనే కదా. కట్టుబాటు తప్పినందుకు నానా అమోయా నాకు ఒక గొర్రె జరిమానా వేసి, పుస్తకంలో నీ పేరు రాయించాడు. బట్ట పేరు ‘దూఫియే ఎడమచెయ్యి’.

మగ్గానికి కొత్త పడుగు ఎక్కించాను. నాడెను ఎడమవైపు పెట్టాను.