పునీత లోరెంజో పండుగకి కొత్త రూలు

మినసోటా, జూలై 2, 1968

ప్రియమైన ఎవుఫేలియా అత్తకి,

బెనిల్దా వందనాలు. క్షేమంగా చేరాను. ఈ వేసవి బడి మఠంలోనే. నలభై మందిమి, మఠంవాళ్ళం కాదు, అందరమూ గృహస్థులమే. నా పక్క బల్ల మీద కూర్చునే ఆయన కుళాయిలు బాగుచేస్తాడు, లాటిన్ నాకంటే బాగా పలుకుతాడు. పూజ ఎందుకు అలా జరుగుతుందో, ఏ పాట ఎక్కడ పాడాలో, గుడి గోడల మీది బొమ్మలు ఏం చెబుతాయో రోజంతా పాఠాలే. మన ఇంట్లో ఎవరూ కూర్చోని బల్ల మీద కూర్చున్నానని రోజుకోసారి గుర్తొస్తుంది.

మా సిస్టర్ వాల్‌బుర్గా నిన్న ఒక మాటన్నారు: "పాడేవాళ్ళు తమ గొంతు తామే విని మురిసిపోకూడదు. జనంతో పాడించాలి." ఎంత గొప్ప మాటో కదా!

నువ్వు పాడే పాటల పట్టిక పంపించు. పని ఉంది.

నీ మేనకోడలు,
బెనిల్దా

తా.క.: ఇక్కడ ఉడికించిన బంగాళాదుంప మీద ఉడికించిన బంగాళాదుంప లాంటిదే ఇంకేదో పోసి పెడతారు. దయచేసి ఎండుమిరప పొడి పంపు.

ఓహో ఫ్రియో, జూలై 9

బెనిల్దాకి,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నన్ను చూడకపోయినా ఫర్వాలేదు.

నా గొంతు విని నేను మురిసిపోతున్నానని అంత దూరంలో ఉన్న సిస్టర్‌కి ఎవరు చెప్పారు? నువ్వేనా? నలభై ఒక్క ఏళ్ళుగా ఈ గుడిలో పాడుతున్నాను. మా తాత దాచుకున్న క్రీస్తు శ్రమల పాటల పుస్తకంలోనే అక్షరాలు దిద్దుకున్నాను.

నువ్వు వెళ్ళిన వారానికే ఫాదర్ నన్ను పిలిచారు. "ఎవుఫేలియమ్మా, ఆగస్టు పదిన లోరెంజో పండుగకి ఒనోఫ్రే గిటారు వాయిస్తాడు. మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నారు. ఒనోఫ్రేకి పెట్రోలు పోయడం వచ్చు. గిటారు కూడా అలాగే పోస్తాడు. నా పాటలు గుడ్ ఫ్రైడేకి చాలట. డెబ్భై నాలుగేళ్ళ దాన్ని, వచ్చే గుడ్ ఫ్రైడేకి ఉంటానో లేదో ఆయనకేం తెలుసు?

ఇదంతా మీ బడి పనే అని ఊరంతా అంటోంది. నేను అనడం లేదు. వింటున్నాను.

పట్టిక పంపుతున్నాను. పారేయడానికి సులువుగా ఉంటుందని ఒకే కాగితం మీద రాశాను.

మీ నాన్న అక్క,
ఎవుఫేలియా

తా.క.: మిరప పొడి పంపుతున్నాను. కోపం వేరు, తిండి వేరు.

మినసోటా, జూలై 23

ప్రియమైన అత్తా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఆ మాట నీ గురించి కాదు. నీ పాటలు పారేయడానికి కాదు, నిలబెట్టడానికే అడిగాను!

ఇక్కడ చివరి పరీక్ష ఇది: ఒక్కొక్కరం చీటీ తీసి, అందులో వచ్చిన రోజు మన సొంత గుడిలో ఆరాధన ఎలా జరగాలో మొదటి నుంచి చివరిదాకా రాయాలి. నచ్చితేనే యోగ్యతా పత్రం ఇస్తారు. నేను ఉత్త చేతులతో వస్తే నాన్న ఏమీ అనడు, అదే భయం.

నేను రాసిన దాని నకలు పంపుతున్నాను. మొదటి పేజీ సిస్టర్ దగ్గరుంది, రెండో పేజీ నుంచి చూడు. నీ పాటలు ఎక్కడ పెట్టానో చూసి, తప్పులుంటే చెప్పు.

నీ
బెనిల్దా

తా.క.: నీ పొడిని సిస్టర్ దాల్చినచెక్క అనుకుని జావలో చల్లుకున్నారు. ఆ రోజు ప్రార్థనలో ఆమె అందుకున్న స్థాయి ఈ మఠంలో ఇంతవరకు ఎవరూ వినలేదట.

ఓహో ఫ్రియో, ఆగస్టు 3

బెనిల్దాకి,

నీ కాగితాలు అందాయి. ఆదివారం గుడి మెట్ల మీద నిలబడి అందరికీ చదివాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. మొన్న బలిపీఠం జనం వైపు తిప్పారు, నిన్న పూజలో లాటిన్ తీసేశారు, ఇప్పుడిది. కొత్త రూలు రాని నెల ఏదిలే!

అన్నీ చేస్తున్నాం. గుడిలో పునీతుల బొమ్మలన్నిటికీ ఊదా గుడ్డ కప్పాం. లోరెంజోకి కప్పుతుంటే మీ నాన్న "పెళ్ళినాడు పెళ్ళికొడుక్కి ముసుగా?" అన్నాడు, మూతి మీద వేలు పెట్టుకోమన్నాను. గంట తాడు కట్టేశాం, గంట బదులు తిప్పి మోగించే చెక్క గిలక సిద్ధం. వాయిద్యాలు అసలు ఉండకూడదని రాశావు కదా, ఒనోఫ్రే గిటారుని పెట్టెలో పెట్టేశాడు. మధ్యాహ్నం మూడు దాకా ఉపవాసం. ఊరేగింపు ఉత్త కాళ్ళతో.

ఫాదర్ నాలుగు ఊళ్ళు తిరుగుతూ ఉన్నారు. పండుగ రోజే వస్తారు.

ఎవుఫేలియా

తా.క.: పండుగ మాంసం మూడింటి తర్వాతే కాబట్టి ఊళ్ళో గొర్రెలు నీకు కృతజ్ఞతలు చెబుతున్నాయి.

మినసోటా, ఆగస్టు 8

అత్తా! అత్తా!

విప్పేయండి! గుడ్డలన్నీ విప్పేయండి! నా చీటీలో వచ్చింది గుడ్ ఫ్రైడే! ఆ మాట మొదటి పేజీలో ఉంది. అది రూలు కాదు, పరీక్ష పేపరు. అది లోరెంజో పండుగకి కాదు!

మన ఊరికి ఫోనూ లేదు, టెలిగ్రామూ రాదు, ఈ ఉత్తరం సమయానికి చేరదని తెలుసు. ఊరి పండుగకి అంత్యక్రియలు చేసిన పిల్లనని జీవితాంతం అంటారు. సిస్టర్‌కి అంతా చెప్పేశాను. ఆవిడ చాలాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు, భుజాలు కదిలాయి. ఏడ్చారో ఏమో. పత్రం సంగతి ఆలోచిస్తానన్నారు. ఫాదర్ పాదాలు పట్టుకుంటానని చెప్పు.

నీ దౌర్భాగ్యురాలు,
బెనిల్దా

తా.క.: నేలమీద బోర్లా పడుకునే ఘట్టం ఫాదర్‌తో చేయించకండి. ఆయన నడుము బాగుండదు.

ఓహో ఫ్రియో, ఆగస్టు 13

చిట్టితల్లి బెనిల్దాకి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఫాదర్ అప్పటికే బోర్లా పడుకున్నారు. లేపడానికి ఇద్దరు పట్టారు.

ఆ పొద్దున ఫాదర్ కారు దిగారు. గంట లేదు, ఊరంతా నల్లబట్టల్లో, ఉత్త కాళ్ళతో. "ఎవరు పోయారు?" అన్నారు. "ఎవరూ పోలేదు ఫాదర్. లోరెంజో లాంటి అమరవీరుల పండుగలకి కొత్త రూలు వచ్చిందిగా, మీకు రాలేదా?" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. బిషప్ గారి కాగితాలు ఈస్టర్ నుంచి విప్పలేదని ఆయన కారు వెనక సీటు చూసిన అందరికీ తెలుసు. "వచ్చింది, వచ్చింది" అన్నారు.

నేను మొదలెట్టాను. వాయిద్యం లేకపోతే జనం ఏం చేస్తారు? పాడారు. పదకొండు చరణాలూ. ఒనోఫ్రే కూడా, కళ్ళు తుడుచుకుంటూ. ఒక్క మనిషీ చూస్తూ నిలబడలేదు. ఈ మాట మీ సిస్టర్‌కి చెప్పు, పత్రం ఎలా ఇవ్వదో చూస్తాను. తర్వాత ఫాదర్ మామూలు పూజ కూడా చేశారు. మూడింటికి తిన్న మాంసం ఎన్నడూ అంత రుచిగా లేదు. వచ్చే ఏడు కూడా పండుగకి పాటలు నేనే చూసుకోవాలని ఫాదర్ అన్నారు.

ఇక నువ్వు ఏడుపు ఆపు. నలభై ఒక్క ఏళ్ళుగా గుడ్ ఫ్రైడే పాడుతున్నదాన్ని, ఆ రోజుల్లో తప్ప బయటికి తీయని గిలక అనే మాట దగ్గరే గుర్తుపట్టనా? నీ మొదటి పేజీ లేకపోవడం నీ పొరపాటు. దాన్ని అడగకపోవడం నాది.

కానీ మూడో పేజీలో నువ్వు రాశావు: "ఎవుఫేలియా అత్త పాట. పదకొండు చరణాలు. ఒక్కటీ తగ్గించరాదు." ఇన్నేళ్ళలో నా పాట గురించి కాగితం మీద రాసింది నువ్వే. అది చదివాక వచ్చే గుడ్ ఫ్రైడే దాకా ఆగలేకపోయాను.

మీ అత్త,
ఎవుఫేలియా

తా.క.: చేసింది పాపమే. ఇరవై మైళ్ళు వెళ్ళి, మనల్ని ఎరగని గురువు దగ్గర తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశాను. ఆయన దగ్గి దగ్గి, ప్రాయశ్చిత్తంగా ఆ పాటే పాడమన్నారు. నాలుగో చరణానికి బయట వరుసలో ఉన్నవాళ్ళంతా అందుకున్నారు.

ఇంకో తా.క.: వచ్చే నెలాఖరున పై ఊళ్ళో పునీత మిఖాయేలు పండుగ. అక్కడా గిటారేనట. ఆయన అమరవీరుడు కాదు, దేవదూత. దేవదూతలకి ఏ రూలు బాగుంటుందో తెలుసుకుని త్వరగా రా.