అన్నయ్య జవాబు

జూలై 3

కమిటీలో నా పేరు వేశారు.

ముగ్గురం. డీన్ గారు, లా డిపార్ట్‌మెంట్ సార్, నేను. విచారణ మా గైడ్ గారి మీద. పదకొండేళ్ళ క్రితం నాతో పీహెచ్‌డీ చేయించిన మనిషి. ఆయన పేపర్లో ఒక వ్యాసం రాశారు. వినపడని పిల్లలకు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా సైగల భాష నేర్పకూడదట. ముందే నేర్పితే ఇక నోటికి మాట రాదట, లోకానికి దూరమైపోతారట. క్లాసులోనూ అదే చెప్పారు. ఆయన్ని తీసేయమని స్టూడెంట్లు వారం నుంచి గేటు దగ్గర కూర్చున్నారు.

నన్నెందుకు వేశారని డీన్ గారిని అడిగాను. మీరు ఆయన శిష్యురాలు, పైగా మీ అన్నయ్యకు వినపడదు, ఇటువాళ్ళూ అటువాళ్ళూ మీ మీద వేలెత్తి చూపలేరమ్మా అన్నారు. మెచ్చుకుంటున్నట్టే అన్నారు.

జూలై 5, ఉదయం

వ్యాసం మూడోసారి చదివాను. చక్కగా రాశారు. అందుకే ఇంకా ఒళ్ళు మండుతోంది.

అన్నయ్యను ఆరేళ్ళప్పుడు వేసిన బడిలో, చేతులు కదిపితే స్కేలుతో కొట్టేవాళ్ళు. రెండో ఏడు నుంచి చేతులు వెనక్కి పెట్టించి రిబ్బనుతో కట్టేసేవాళ్ళు, పెదాలు చూసి మాట నేర్చుకుంటాడని. నాన్న ఫీజు కట్టి మరీ చేతులు కట్టించారు. ఇది నా జోకు. సైగల్లో ఈ జోకు పేలదు, అందుకని అన్నయ్యకు ఎప్పుడూ చెప్పలేదు.

అన్నేళ్ళకూ అన్నయ్య నోటికి వచ్చినవి నాలుగు మాటలు. అందులో నా పేరు ఒకటి. అదీ సగమే.

జూలై 7

లైబ్రరీ కింద బైండింగ్ సెక్షన్‌కు వెళ్ళాను. అన్నయ్య ఇరవై ఆరేళ్ళుగా అక్కడే పని. నా థీసిస్‌కు అట్ట వేసింది కూడా తనే. చేతుల నిండా జిగురు. తుడుచుకుని, వ్యాసం సంగతి తనే ఎత్తాడు. కోప్పడతాడనుకున్నాను. పెళ్ళికి వెళ్ళేవాడిలా హుషారుగా ఉన్నాడు.

పదిహేడున సెమినార్ హాల్లో మా గైడ్ గారి లెక్చర్ ఉంది. అయ్యాక ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు. అన్నయ్య వెళ్తాడట. నేను పక్కన నిలబడి తన సైగల్ని నోటితో చెప్పాలట. లీవు కూడా పెట్టేశాడు. ఆయన నా ఎదురుగా కూర్చుంటే చాలే, నా జవాబు నలభై ఐదేళ్ళ నుంచి రెడీగా ఉంది అన్నాడు.

నేను కమిటీలో ఉన్నానని చెప్పలేదు. అన్నయ్య ముఖం చూసి పసిగట్టేస్తాడు. అట్టల కట్ట వైపు చూస్తూ కూర్చుని వచ్చేశాను.

జూలై 10

మొదటి సిట్టింగ్. మా గైడ్ గారు లోపలికి రాగానే లేచి నిలబడ్డాను. అలవాటు. డీన్ గారు దగ్గారు. కూర్చున్నాను.

ఆయన ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని చూసి ఈ అభిప్రాయానికి వచ్చాను, తప్పని చూపిస్తే మార్చుకుంటాను, భయపెడితే మాత్రం మార్చుకోను అన్నారు.

లా సార్ మార్కుల లిస్టు తెప్పించారు. ఆయన వాదాన్ని తూర్పారబడుతూ పరీక్ష రాసిన అమ్మాయికి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వేశారు. గేటు దగ్గర ముందు వరసలో కూర్చున్నది ఆ అమ్మాయే. పిలిపించాం. మార్కుల సంగతి సరే మేడమ్, మా తమ్ముడికీ వినపడదు, వాడి భాషను ఒక రోగంలా మాట్లాడుతుంటే రోజూ కూర్చుని ఎలా వినమంటారు అంది. ఏడవలేదు. మామూలుగానే అడిగింది. లా సార్ మార్కుల లిస్టు మడిచి పక్కన పెట్టారు.

జూలై 12

టీ రెండుసార్లు పెట్టుకుని రెండుసార్లూ మర్చిపోయాను.

జూలై 14, మధ్యాహ్నం 3

అయిపోయింది.

డీన్ గారు ఆర్డర్ ముందే టైప్ చేయించి తెచ్చారు. లెక్చర్ రద్దు. ఈ ఏడాదంతా ఆయనకు క్లాసులు ఇవ్వరు. యూనివర్సిటీ పేరు బజార్న పడింది, ఇంకేం చేయమంటారు అన్నారు. లా సార్ ఒప్పుకోలేదు. ఆ వ్యాసంలో ఒక్క ముక్క కూడా నేను ఒప్పుకోను, కానీ తప్పుగా అనుకోవడం వేరు, తప్పు చేయడం వేరు, ఆయన చేసిన తప్పు ఒక్కటి చూపించండి, ఇప్పుడే సంతకం పెడతాను అన్నారు. డీన్ గారు చూపించలేదు. చెరో వైపు అయ్యారు. ఇద్దరూ నావైపు చూశారు.

లా సార్ అన్నది నిజమని నాకు తెలుసు. తెలిసే పెన్ను తీశాను. సంతకం పెడుతున్నప్పుడు నా కళ్ళ ముందున్నది మా గైడ్ గారు కాదు, రిబ్బను కట్టిన ఆ టీచరమ్మ. ఆవిడ పోయి ఎన్నేళ్ళో అయింది. ఆవిడకు వేయాల్సిన శిక్ష ఈయనకు వేశాను.

అన్నయ్య కోసమే అని మెట్లు దిగుతూ నాకు నేను చెప్పుకున్నాను. చివరి మెట్టు దాకా చెప్పుకున్నాను.

జూలై 15

అన్నయ్య నోటీసు బోర్డులో చూశాడు. లెక్చర్ రద్దు, కింద మా పేర్లు.

మూడంతస్తులు ఎక్కి నా రూముకు వచ్చి తలుపు వేశాడు. అన్నయ్యకు బాగా కోపం వస్తే చేతులు చిన్నవైపోతాయి. ఛాతీకి దగ్గరగా, గబగబా కదులుతాయి. నీ కోసమే పెట్టాను అన్నాను. నన్ను అడిగావా అన్నాడు. అప్పుడు నా మంచికేనని నా చేతులు కట్టేశారు, ఇప్పుడు నా మంచికేనని ఆయన నోరు కట్టేశావు, నేను చెప్పాలనుకున్నది మాత్రం అప్పుడూ నా దగ్గరే ఉండిపోయింది, ఇప్పుడూ నా దగ్గరే ఉండిపోయింది అన్నాడు.

ఇంకా చాలా అన్నాడు. అవి రాయను.

జూలై 16

వీడియో కాల్ చేశాను. కట్ చేశాడు.

జూలై 17

సెమినార్ హాలుకు తాళం. అన్నయ్య లీవు క్యాన్సిల్ చేసుకోలేదట. పనికీ రాలేదు, ఇంట్లోనూ లేడు. సాయంత్రం వదిన మెసేజ్ పెట్టింది, వచ్చాడు, అన్నం తిన్నాడు, కంగారు పడకు అని.

జూలై 23

మా గైడ్ గారు వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నారు. గేటు దగ్గర టెంటు పీకేశారు. డీన్ గారు కారిడార్లో ఆపి, గండం గడిచిందమ్మా అన్నారు.

నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని లెటర్ రాసి ఇచ్చాను. ఆయన చదివి, నాలుగు మడతలు పెట్టి, ఇప్పుడెందుకమ్మా ఇది, ఆయనే వెళ్ళిపోయారుగా అన్నారు. ఫైల్లో పెట్టండి అన్నాను. పెడతాను అన్నారు. పెట్టరు.

నేనైనా ఎంత ధైర్యం చేశానని. అంతా సర్దుమణిగాక ఇచ్చిన లెటర్.

జూలై 28

అన్నయ్య మెసేజ్. పన్నెండు రోజుల తర్వాత.

మా గైడ్ గారికి ఉత్తరం రాశాడట. ఆయన ఇంటికి రమ్మన్నారట, ఆదివారం పదకొండింటికి. నువ్వు వస్తావా, ఇంకెవరినైనా చూసుకోనా అని అడిగాడు.

వస్తాను అని పెట్టాను. మొదటి అక్షరం మూడుసార్లు తప్పు కొట్టాను.

ఆగస్టు 2

వెళ్ళాం. రెండు గంటలు. ఆయన మాటలు నా చేతులతో, అన్నయ్య మాటలు నా నోటితో. ఇద్దరిలో ఒక్కరూ అంగుళం కదల్లేదు.

మధ్యలో ఒకచోట మా గైడ్ గారు చెయ్యెత్తి ఆపారు. ఈ మాట మీ అన్నయ్యదా, నీదా అని నన్ను అడిగారు. అదీ అన్నయ్యకు చెప్పాలి కదా. చెప్పాను. అన్నయ్య జవాబిచ్చాడు. దాన్ని నా నోటితో నేనే చెప్పాను.

మా చెల్లెలు ఏమీ అనదు సార్. సంతకం పెడుతుంది, అంతే.