నాయిన పడ్డంక

చంద్రకాంత్,

వదిననే రాస్తున్నాను. నా ఫోన్ నువ్వు ఎత్తవు కాబట్టి ఈ ఉత్తరం.

వికారాబాద్ కబడ్డీ పోటీని నీ ఛానల్‌లో లైవ్ ఇచ్చావు. అందులో మీ అన్న మోకాలు విరిగిన వీడియో ముక్కను కూల్‌డ్రింక్ ప్రకటనకు అమ్ముకున్నావు. ప్రకటనలో మీ అన్న పడతాడు, ఇంకెవరో ఆ సీసా తాగి లేస్తాడు. ఇక్కడ తాండూరులో మీ అన్న ఇంకా మంచం దిగలేదు. బండల పాలిష్‌కు నేను పోతున్నాను.

నీ పైసలు నాకొద్దు. ఆ ప్రకటన తీయించు.

మా బిడ్డ నిరోషా ఫోన్‌లో పాఠం వీడియో పెడితే ముందు అదే వస్తోంది. నిన్న మీ అన్న పక్కనే ఉన్నాడు. "జల్ది తీసెయ్ బిడ్డా" అన్నాను.

"జర ఆగమ్మా, నాయిన పడ్డంకనే స్కిప్ వస్తది" అన్నది.